ఇంట్లో వాఫిల్: ఏ మిషను కొనాలి, పిండి ఎలా కలపాలి, ఎందుకు మెత్తబడుతుంది

పొంగణాలు వేయడం వచ్చిన ఇంటికి వాఫిల్ (గళ్ల పలకల మధ్య కాల్చే అట్టు) పెద్ద కష్టమేమీ కాదు. గుంతల పెనం బాగా కాగాలి, ప్రతి గుంతలో నూనె పడాలి, పిండి మరీ జారుగా ఉండకూడదు, తొందరపడి కదిలించకూడదు. వాఫిల్‌కూ ఇవే నియమాలు. పొంగణాన్ని ఒక వైపు కాలాక తిప్పుతాం. వాఫిల్ మాత్రం రెండు పలకల మధ్య రెండు వైపులా ఒకేసారి కాలుతుంది. మూత మూసేస్తాం కాబట్టి పిండిలోని నీళ్లు ఆవిరై పోవడానికి పక్కల సందు తప్ప వేరే దారి ఉండదు. ఆ ఆవిరి ఎంత త్వరగా, ఎంత పూర్తిగా బయటపడితే వాఫిల్ అంత కరకరలాడుతుంది. ఏ మిషను కొనాలి, పిండిలో ఏం వేయాలి, ఎన్ని నిమిషాలు ఉంచాలి, దించి ఎక్కడ పెట్టాలి అనే ప్రశ్నలన్నిటికీ జవాబు ఆవిరి దగ్గరే దొరుకుతుంది.

మిషను కొని రెండుసార్లు వేసి, ఊతప్పంలా వచ్చిందని అటకెక్కించేవాళ్లు చాలామంది. చాలాసార్లు తప్పు పిండిది కాదు. పలకలు కాగకముందే పిండి పోసి ఉంటారు, లేదా ఆవిరి వస్తుండగానే మూత తీసి ఉంటారు.

మిషను కొనేటప్పుడు

డబ్బా మీద మొదట వాట్లు చూడండి. రెండు చదరపు వాఫిళ్లు (ఒక్కోటి సుమారు 10 సెంటీమీటర్లు) వేసే మిషనుకు 750 నుంచి 1000 వాట్లు ఉంటే సరిపోతుంది. లోతైన గళ్లున్న గుండ్రటి మిషనుకు 1000 వాట్లకు తగ్గకూడదు. ఒకే ఒక్క చిన్న వాఫిల్ వేసే బుల్లి మిషన్లు 350 వాట్లకే పనిచేస్తాయి, పలక చిన్నది కాబట్టి. అయితే నలుగురున్న ఇంట్లో దానితో టిఫిను ముగిసేసరికి గంట దాటుతుంది.

మన ప్రాంతంలో వాట్లతో పాటు వోల్టేజీనీ లెక్కలోకి తీసుకోవాలి. వేడి వోల్టేజీతో సమానంగా తగ్గదు, దాని వర్గంతో (స్క్వేర్‌తో) తగ్గుతుంది. 230 వోల్టుల దగ్గర 1000 వాట్లు ఇచ్చే మిషను, వోల్టేజీ 200కు దిగితే సుమారు 755 వాట్లే ఇస్తుంది. 180కి దిగితే 610 వాట్లు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో కూలర్లు, ఏసీలు అన్నీ ఆన్ అయ్యాక లైను చివరన ఉన్న ఇళ్లలో లైట్లు మందగించడం తెలిసిందే కదా. అలాంటి ఇంట్లో 700 వాట్ల మిషను వాఫిల్‌ను కాల్చదు, ఉడకబెడుతుంది. మీ ఇంట్లో ఆ ఇబ్బంది ఉంటే ఒక మెట్టు ఎక్కువ వాట్లది తీసుకోండి, లేదా తెల్లవారుజామున వేసుకోండి.

తర్వాత ప్లగ్గు. మామూలు 6 ఆంపియర్ల సాకెట్ గరిష్ఠంగా 1380 వాట్ల వరకు మోస్తుంది. 1000 వాట్ల మిషను దానికి పెట్టొచ్చు. పిన్నులు లావుగా ఉండే 16 ఆంపియర్ల ప్లగ్గు వస్తే, గీజరు, ఏసీ పెట్టే పవర్ సాకెట్‌కే పెట్టాలి. సన్నపు వైరున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడకండి, వైరు వేడెక్కుతుంది. మూడో పిన్ను, అంటే ఎర్తింగ్, తప్పనిసరిగా ఉండాలి. లోహపు పలకలు, తడి పిండి, తడి చేతులు ఒకేచోట ఉండే పని ఇది. ఇంటి ఇన్వర్టర్ మీద దీన్ని నడపొద్దు. 800, 900 వీఏ ఇన్వర్టర్ ఫ్యాన్లకు, లైట్లకు సరిపోతుంది గానీ 1000 వాట్ల హీటరును మోయలేదు.

బంధువులు బయటి దేశం నుంచి తెచ్చిన మిషను అయితే అడుగున అతికించిన చీటీ చదవండి. అమెరికా మిషను మీద 120 వోల్టులని ఉంటుంది. దాన్ని నేరుగా మన సాకెట్‌లో పెడితే మూడున్నర రెట్లకు పైగా వేడి పుట్టి, నిమిషాల్లో కాలిపోతుంది. మిషను వాట్లకంటే పావు వంతు ఎక్కువ సామర్థ్యమున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ బరువూ ఖర్చూ చూస్తే ఇక్కడే కొత్తది కొనుక్కోవడం నయం. కడప జిల్లా ఇళ్లకు కువైట్ నుంచి వచ్చేవాటితో ఈ బాధ లేదు. అక్కడ 240 వోల్టులు, మన 230కి దగ్గరే. చదరపు పిన్నుల ప్లగ్గు మాత్రం మన సాకెట్‌లో పట్టదు. ఎలక్ట్రీషియన్ చేత మన మూడు పిన్నుల ప్లగ్గు వేయించుకుంటే సరి.

కర్నూలు రాజ్‌విహార్ దగ్గరైనా, కడప ఏడురోడ్ల కూడలిలో అయినా, అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గరైనా, దుకాణానికి వెళ్లి కొనేటప్పుడు డబ్బా విప్పించి మూడు పనులు చేయండి. ఒకటి, చేత్తో ఎత్తి చూడండి. పలక బరువుగా ఉంటే వేడిని పట్టి ఉంచుతుంది. పల్చటి రేకు పలక మీద చల్లటి పిండి పడగానే వేడి పడిపోతుంది, మొదటి వాఫిల్ బాగా వచ్చినా రెండోది పాలిపోతుంది. రెండు, మూత మూసి వెనక కీలు చూడండి. పిండి పొంగేకొద్దీ పై పలక కొద్దిగా పైకి లేచేలా కీలు వదులుగా ఉండాలి. బిగుసుకుపోయిన కీలైతే ముందువైపు మందంగా, వెనకవైపు పల్చగా వస్తుంది. మూడు, గళ్ల లోతు చూడండి. రెండు పలకలూ కలిపి ఒకటిన్నర సెంటీమీటర్ల లోపు ఉంటే పల్చటి రకం, రెండున్నర సెంటీమీటర్ల దాకా ఉంటే బెల్జియం రకం.

రోజూ వాడేవాళ్లకు మా సలహా పల్చటి రకమే. పిండి తక్కువ పడుతుంది, ఆవిరి త్వరగా పోతుంది, గుడ్డు లేకుండా వేసినా చిరగదు. లోతైన గళ్లు పండ్లు, పాకం, ఐస్‌క్రీం నిలవడానికి బాగుంటాయి. కానీ వాటిలో లోపలి భాగం కాలేలోగా పైన మాడకుండా చూసుకోవాలి, పిండి తేలిగ్గా ఉండాలి. బెల్జియంలో లోతైన గళ్లతో చేసే బ్రస్సెల్స్ వాఫిల్‌కు ఈస్టుతో పొంగిన తేలికైన పిండి వాడతారు. లియేజ్ వాఫిల్ వేరే సంగతి. అది రొట్టె పిండిలాంటి ముద్దలో చక్కెర పలుకులు కలిపి చేసేది. ఆ చక్కెర కరిగి పలకకు కరుచుకుంటుంది. ఇంటి నాన్‌స్టిక్ మిషనులో దాన్ని ప్రయత్నించకండి.

వేడి తగ్గించి పెంచే బటన్ ఉంటే మంచిది, లేకపోయినా ఫర్వాలేదు. పలకలు ఊడివచ్చే మిషను కడగడానికి సుఖం, అయితే హీటరుకూ పలకకూ మధ్య సందు ఉంటుంది కాబట్టి వేడెక్కడానికి ఎక్కువ సేపు పడుతుంది. చేత్తో తిప్పే రకం పిండిని రెండు పలకలకూ సమంగా పరుస్తుంది. లోతైన గళ్లుంటే దానికి అదనంగా డబ్బు పెట్టడంలో అర్థముంది, పల్చటి రకానికి అవసరం లేదు. శాండ్‌విచ్, గ్రిల్, వాఫిల్ మూడూ చేస్తానని చెప్పే మిషన్లలో వాఫిల్ పలక సాధారణంగా పల్చగా ఉంటుంది. శాండ్‌విచ్‌లే ఎక్కువ చేసే ఇల్లైతే తప్ప వద్దు.

కరెంటు పోయే ఊళ్లో గ్యాస్ పొయ్యి మీద పెట్టి తిప్పుకునే పోత అల్యూమినియం లేదా ఇనుప వాఫిల్ పెనం కూడా మంచిదే. ఈ రకం పాతది. పొయ్యి మీద పెట్టి తిప్పే వాఫిల్ పెనానికి అమెరికాలోని ట్రాయ్ పట్టణవాసి కార్నేలియస్ స్వార్ట్‌హౌట్ 1869లో పేటెంటు తీసుకున్నాడు. మధ్యస్థ మంట మీద ఒక్కో వైపు మూడు నిమిషాలు ఖాళీగా కాచి, నూనె రాసి, పిండి పోసి మూసి, వెంటనే తిప్పాలి. తర్వాత ఒక్కో వైపు రెండు రెండున్నర నిమిషాలు. అల్యూమినియంది ఇండక్షన్ స్టవ్ మీద పనిచేయదు.

మొదటిసారి వాడేముందు

పలకలను తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. ఖాళీగా పది నిమిషాలు కాచండి. పొగ, రసాయనాల వాసన కొంచెం వస్తాయి, కిటికీ తెరిచి పెట్టండి. చల్లారాక మళ్లీ తుడిచి, పల్చగా నూనె రాయండి. మొదట వేసిన వాఫిల్ తినకండి. కొత్త పలక మీది మడ్డి దానికి అంటుకుని వచ్చేస్తుంది.

కొలతలు

కప్పు అంటే 240 మిల్లీలీటర్లు. మన గ్లాసులు ఇంటికొక రకం కాబట్టి చిన్న త్రాసు ఉంటే గ్రాముల్లోనే కొలవండి. ఈ కొలతకు పల్చటి గుండ్రటివి ఏడు, లేదా లోతైనవి నాలుగు, లేదా చిన్న చదరాలు పన్నెండు వస్తాయి.

మైదా 180 గ్రాములు (ఒకటిన్నర కప్పు)
కార్న్‌ఫ్లోర్ 40 గ్రాములు (కప్పులో మూడో వంతు)
బేకింగ్ పౌడర్ 2 టీ స్పూన్లు
వంట సోడా పావు టీ స్పూను
ఉప్పు అర టీ స్పూను
చక్కెర 2 టేబుల్ స్పూన్లు
గుడ్లు 2
పాలు 240 మిల్లీలీటర్లు
గిలకొట్టిన పుల్ల పెరుగు 120 మిల్లీలీటర్లు
నూనె లేదా కరిగిన నెయ్యి 80 గ్రాములు

కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లటి గంజిపొడి, పచ్చగా ఉండే మొక్కజొన్న పిండి కాదు. ఇందులో గ్లూటెన్ (మైదాకు సాగే గుణమిచ్చే జిగురు) లేదు కాబట్టి వాఫిల్ సాగదు, పైపొర గట్టిపడి కరకరలాడుతుంది. అది లేకపోతే అంతే బరువు సన్న బియ్యప్పిండి వేయండి. మిల్లులో ఆడించిన సోనామసూరి పిండి బాగా పనికొస్తుంది, కాస్త మరింత గట్టిగా కాలుతుంది.

నూనె ఇంత ఎందుకని చాలామంది సగం చేస్తారు. వాఫిల్ మెత్తబడటానికి, పలకకు కరుచుకోవడానికి అదే కారణమవుతుంది. పలకకు రాసే నూనెకంటే పిండిలో కలిపిన నూనెదే ఎక్కువ పని. వెన్న వాడితే రుచి బాగుంటుంది, కానీ వెన్నలో ఆరో వంతు దాకా నీళ్లుంటాయి. అందుకే నెయ్యితో, నూనెతో చేసినదే ఎక్కువ కరకరలాడుతుంది. ఉప్పు వెన్న అయితే పిండిలో ఉప్పు సగానికి తగ్గించండి. చక్కెర మాత్రం రెండు స్పూన్లు దాటించకండి. ఎక్కువైతే లోపల ఆరకముందే పైన నల్లబడుతుంది, చల్లారాక చెమ్మ పీల్చి మెత్తబడుతుంది. తీపి కావాలంటే పైన పోసుకోవచ్చు.

సోడా పెరుగులోని పులుపుతో కలిసి పొంగిస్తుంది. పులుపు చాలనప్పుడు మిగిలిపోయిన సోడా సబ్బు రుచి తెస్తుంది, అక్కడక్కడా గోధుమ రంగు చుక్కలు పడతాయి. తీయటి పెరుగే ఉంటే పాలలో ఒక టీ స్పూను నిమ్మరసం పిండండి. బేకింగ్ పౌడర్ డబ్బా తెరిచి ఆరు నెలలు దాటితే, అర స్పూను వేడినీళ్లలో వేసి చూడండి. బుసబుసా పొంగాలి. మన ఎండలకు, పొయ్యి పక్క అలమరలో పెట్టిన డబ్బా ముందే నీరసిస్తుంది.

కలపడం

పొడి సరుకులన్నీ ఒక గిన్నెలో జల్లించండి. ఇంకో గిన్నెలో గుడ్లు, పాలు, పెరుగు, నూనె గిలకొట్టండి. పాలు, గుడ్లు ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినవైతే కరిగిన నెయ్యి అందులో పడగానే గడ్డకడుతుంది. అరగంట ముందే బయట పెట్టండి. తడిని పొడిలో పోసి, అడుగు నుంచి పైకి పన్నెండు పదిహేనుసార్లు తిప్పి ఆపేయండి. ఉలవగింజంత ఉండలు మిగిలితే మంచిదే, కాలేటప్పుడు కరిగిపోతాయి. నున్నగా అయ్యేదాకా కలిపితే మైదాలో గ్లూటెన్ సాగి, వాఫిల్ చపాతీలా గట్టిపడుతుంది. మిక్సీ అసలే వద్దు.

పది నిమిషాలు కదపకుండా ఉంచండి. పిండి తడి పీల్చుకుని చిక్కబడుతుంది. అప్పుడు చూస్తే దోసె పిండికంటే చిక్కగా, ఇడ్లీ పిండికంటే పల్చగా ఉండాలి. గరిటెతో ఎత్తి వదిలితే ముద్దలుగా పడకుండా, నీళ్లలా కారకుండా, మందంగా జారాలి. చిక్కనైతే రెండు స్పూన్ల పాలు కలపండి. అరగంటకు మించి ఉంచకండి, ముఖ్యంగా ఎండాకాలంలో. గ్యాసు బుడగలు పోయి పిండి చదునుగా కాలుతుంది.

లోతైన గళ్ల మిషను ఉన్నవాళ్లు తెల్లసొన వేరుచేసి, నురుగు నిలబడేదాకా గిలకొట్టి, చివర్లో మెల్లగా కలిపితే వాఫిల్ బాగా తేలిగ్గా వస్తుంది. పల్చటి మిషనుకు ఆ శ్రమ దండగ.

పోయడం, కాల్చడం

మిషను ఆన్ చేసి, మూత మూసి కాగనివ్వండి. దీపం మారగానే పిండి పోయకండి. థర్మోస్టాట్ (వేడిని బట్టి హీటరును ఆపి, మళ్లీ వేసే భాగం) ఒక్కచోట వేడిని మాత్రమే చూస్తుంది, పలక అంచులకు అప్పటికి వేడి పాకి ఉండదు. దీపం మారాక ఇంకో ఐదు నిమిషాలు ఆగండి. తర్వాత చిన్న కుంచెతో రెండు పలకలకూ, గళ్ల మూలల్లోకి వెళ్లేలా నూనె రాయండి. పాలపదార్థం మాడి మరకలు పడతాయి కాబట్టి పలకకు వెన్న రాయకండి. డబ్బాల్లో వచ్చే స్ప్రే నూనె కూడా వద్దు. అందులోని లెసిథిన్ వేడికి జిగటపొరగా మారి, నాన్‌స్టిక్ పలకకే అంటుకునే గుణం తెస్తుంది.

చిన్న చదరానికి 60 నుంచి 70 మిల్లీలీటర్లు, 18 సెంటీమీటర్ల పల్చటి గుండ్రానికి 100 నుంచి 120, అదే వెడల్పున్న లోతైనదానికి 180 నుంచి 200 పడుతుంది. మొదటిసారి తక్కువతోనే మొదలుపెట్టి, ఒక్కో వాఫిల్‌కూ ఒక్కో స్పూను పెంచుతూ మీ మిషను కొలత కనుక్కోండి. తర్వాత అదే గరిటె వాడండి. మధ్యలో పోసి గరిటె అడుగుతో అంచుకు అంగుళం దూరం దాకా నెట్టి, మూత మూయండి. మూతను నొక్కకండి. నొక్కితే లోపల పుట్టాల్సిన బుడగలు నలిగిపోయి అట్టముక్క మిగులుతుంది.

ఇక ఆవిరిని చూస్తూ ఉండండి. మొదటి నిమిషంలోనే పక్కల నుంచి గుప్పుమని వస్తుంది. అది బాగా వస్తున్నంతసేపు మూత ముట్టుకోకూడదు. లోపల ఇంకా పచ్చిగా ఉన్న వాఫిల్ పైసగం పై పలకకు, కిందిసగం కింది పలకకు అంటి రెండుగా చీలిపోతుంది. పల్చటి మిషనులో నాలుగు నిమిషాలకు, లోతైనదానిలో ఐదారు నిమిషాలకు ఆవిరి సన్నగిల్లుతుంది. అప్పుడు మూతను మెల్లగా ఎత్తి చూడండి. పట్టుకున్నట్టు అనిపిస్తే బలవంతం చేయకుండా ఇంకో అర నిమిషం మూసి ఉంచండి. కాలిన వాఫిల్ దానంతట అదే వదిలేస్తుంది. మిషను 'అయిపోయింది' అని చూపే దీపంకంటే ఆవిరే నమ్మకమైన గుర్తు.

తీయడానికి చెక్క లేదా సిలికాన్ గరిటె వాడండి. చాకు, ఫోర్కు తగిలితే పలక మీది పూత గీసుకుపోతుంది.

వేడి వాఫిల్‌ను ప్లేటులో పెట్టడంతో సగం శ్రమ వృథా అవుతుంది. అడుగున పట్టిన ఆవిరి నీళ్లుగా మారి రెండు నిమిషాల్లో మెత్తబరుస్తుంది. ఒకదాని మీద ఒకటి పేర్చడం ఇంకా చెడ్డది. తీగల స్టాండు మీద పెట్టండి. అది లేకపోతే పిండి జల్లెడ బోర్లించి, దాని మీద పరవండి. ఓవెన్ ఉంటే 100 డిగ్రీల్లో తీగ స్టాండు మీదే ఉంచితే అందరికీ కాల్చేదాకా కరకరలాడుతూ ఉంటాయి. గాలిలో చెమ్మ లేని ఏప్రిల్‌లో బయట పెట్టినా అరగంట నిలుస్తాయి. ముసురు పట్టిన నవంబరు రోజున పది నిమిషాలకే మెత్తబడతాయి. ఆ రోజు ఒక్కో వాఫిల్‌నూ ఇంకో నిమిషం ఎక్కువ కాల్చండి.

ప్రతి వాఫిల్ తర్వాత మూత మూసి ఒకటిన్నర రెండు నిమిషాలు ఖాళీగా కాగనివ్వడం మరవకండి. అరగంట వాడితే 1000 వాట్ల మిషను ఎక్కువలో ఎక్కువ అర యూనిట్ కరెంటు తీసుకుంటుంది. మధ్యమధ్య థర్మోస్టాట్ ఆపుతుంది కాబట్టి నిజానికి అంతకూ పట్టదు. ఆ రెండు నిమిషాలు పొదుపు చేయాల్సిన చోటు కాదు.

తేడా వస్తే ఎక్కడ వెతకాలి

పాలిపోయి మెత్తగా వస్తే పలక కాగలేదు, లేదా వోల్టేజీ పడిపోయింది. అవి రెండూ బాగుంటే నూనె తగ్గింది. పైన మాడి లోపల పచ్చిగా ఉంటే వేడి ఎక్కువైంది, లేదా చక్కెర ఎక్కువైంది. బటన్ ఒక మెట్టు తగ్గించి నిమిషం ఎక్కువ ఉంచండి. ఒకవైపే ఎర్రబడితే పిండి మరీ తక్కువ పోసినట్టు, పై పలకకు అందలేదు. పక్కల నుంచి కారుతుంటే కొలత ఎక్కువైంది. కారిన పిండిని వేడిగా ఉన్నప్పుడు తడిగుడ్డతో తుడవబోకండి, చేయి కాలుతుంది. అది ఎండి పెచ్చుగా ఊడిపోయాక చెక్క పుల్లతో తీయండి.

అంటుకోవడం మాత్రం ఒక్క కారణంతో రాదు. తెరవడంలో తొందర, పిండిలో నూనె చాలకపోవడం, పాత చక్కెర మరక, గీసుకున్న పూత, వీటిలో ఏదైనా కావచ్చు. మొదటి రెండూ సరిచేసినా ప్రతిసారీ ఒకే గడి దగ్గర అంటుకుంటుంటే అక్కడ పూత పోయిందనే అర్థం. రేకులు లేస్తుంటే ఆ పలక మార్చాల్సిందే.

గుడ్డు లేకుండా

రెండు గుడ్లు తీసేసి పెరుగును 180 మిల్లీలీటర్లు చేయండి, పాలు మరో 40 మిల్లీలీటర్లు పెంచండి. బేకింగ్ పౌడర్ రెండున్నర స్పూన్లు, సోడా పావు స్పూను కంటే కొంచెం ఎక్కువ, నూనె ఇంకో టేబుల్ స్పూను. రెండు స్పూన్ల సన్న రవ్వ కలిపితే పైపొరకు బలం వస్తుంది. గుడ్డు పట్టి ఉంచేది కాబట్టి అది లేని వాఫిల్ వేడిమీద పెళుసుగా ఉంటుంది. నిమిషం ఎక్కువ కాల్చి, మూత తెరిచాక అర నిమిషం పలక మీదే వదిలి, తర్వాత తీయండి.

రాగి, కొర్ర, జొన్న

రాగిలో గ్లూటెన్ ఉండదు. మైదాలో సగం, అంటే 90 గ్రాములు రాగిపిండి వేస్తే రుచీ, నిలకడా రెండూ ఉంటాయి. పాలు 40 మిల్లీలీటర్లు పెంచి, పది నిమిషాల బదులు ఇరవై నిమిషాలు నాననివ్వండి, లేకపోతే నాలుకకు ఇసుకలా తగులుతుంది. రాగి రంగే ముదురు కాబట్టి కాలిందీ లేనిదీ రంగు చూసి చెప్పలేం, ఆవిరినే నమ్మాలి. చక్కెర బదులు బెల్లం పొడి, రిఫైన్డ్ నూనె బదులు గానుగ చెనక్కాయ నూనె వేస్తే సంగటి తిని పెరిగిన నోటికి ఇదే బాగా నచ్చుతుంది. కొర్రపిండి కూడా ఇదే లెక్క. జొన్నపిండి ఇంకా పొడిబారుతుంది, మూడో వంతు మించకుండా వేయండి. మొత్తం చిరుధాన్యాలతోనే చేయాలంటే గుడ్లు తప్పవు. రెండిటి బదులు మూడు వేయండి.

పొంగణాల పిండితో కారం వాఫిల్

ఇంట్లో పులిసిన పిండి ఉంటే మైదా జోలికే పోనక్కర్లేదు. చిక్కటి పొంగణాల పిండి రెండు కప్పులు తీసుకుని, రెండు టేబుల్ స్పూన్ల నూనె, రెండు టేబుల్ స్పూన్ల బియ్యప్పిండి, అర స్పూను చక్కెర కలపండి. చక్కెర తీపి కోసం కాదు, రంగు కోసం. అది లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు చాలా సన్నగా తరిగి వేయండి. పెద్ద ముక్కలు మూతను సరిగా మూసుకోనివ్వవు. ఉల్లిపాయ నీళ్లు వదులుతుంది కాబట్టి పిండిని పోయడానికి ముందే కలపండి, గంట ముందు కాదు. ఇందులో నీళ్ల శాతం ఎక్కువ, అందుకే ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. నూనె మామూలుకంటే ధారాళంగా రాయండి. దించాక పైన ఎర్రకారం (ఎండుమిర్చి నూరిన ముద్ద) పూసి పప్పులపొడి చల్లితే, గళ్లలో పొడి నిలిచి ప్రతి ముక్కకూ కారం సమంగా తగులుతుంది. ఎర్రకారం తడిగా ఉంటుంది, తినబోయే ముందే పూయండి.

పైన ఏం వేయాలి

బెల్లం పాకానికి 200 గ్రాముల బెల్లం, 100 మిల్లీలీటర్ల నీళ్లు. కరిగాక వడకట్టి మళ్లీ మరిగించండి. వేళ్ల మధ్య జిగటగా అంటాలి, తీగ మాత్రం రాకూడదు. తీగపాకం వస్తే చల్లారాక గడ్డకడుతుంది. నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే పలుకులు కట్టదు. వేయించి పొట్టు తీసిన చెనక్కాయ విత్తనాలు (కర్నూలు వైపు బుడ్డలంటారు) 150 గ్రాములు, చిటికెడు ఉప్పుతో మిక్సీలో ఆపి ఆపి తిప్పితే మొదట పొడి, తర్వాత ముద్ద, చివరికి వాటి నూనెతోనే జారుగా అవుతుంది. మిక్సీ వేడెక్కితే కాసేపు ఆపండి. ఈ ముద్ద రాసి, మీద అరటిపండు చక్రాలు, కొద్దిగా బెల్లం పాకం వేయండి. ఎండాకాలంలో కోడూరు మామిడి ముక్కలకు మించింది లేదు. చిక్కటి నన్నారి సిరప్ ఒక చెంచా, ఐస్‌క్రీంతో కలిపి వేసినా చాలా బాగుంటుంది. ఏది పోసినా వడ్డించాకే పోయండి.

మిగిలితే, శుభ్రం చేయాల్సి వస్తే

పూర్తిగా చల్లారాక మధ్యమధ్య కాగితం పెట్టి, గాలి చొరని డబ్బాలో డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే నెల దాకా నిలుస్తాయి. తినేటప్పుడు కరగబెట్టకుండా నేరుగా టోస్టర్‌లోనో, కాగిన వాఫిల్ మిషనులోనో రెండు నిమిషాలు పెట్టండి. మైక్రోవేవ్‌లో పెడితే లోపలి తడి పైకి వచ్చి రబ్బరులా సాగుతుంది.

కడగడానికి ముందు ప్లగ్గు తీయండి. పలక గోరువెచ్చగా ఉండగానే పొడి గుడ్డతో నూనె తుడవండి. మొండిగా అంటినచోట తడిపి పిండిన గుడ్డను పలకల మధ్య పెట్టి మూత మూసి పది నిమిషాలు వదిలితే మెత్తబడుతుంది. మెత్తటి బ్రష్షుతో గళ్ల మూలలు రుద్దండి. స్టీలు పీచు వద్దు, కుళాయి కింద పెట్టడం అసలు వద్దు. ఊడివచ్చే పలకలనైతే కడగొచ్చు, కానీ వేడి పలకను చల్లటి నీళ్లలో ముంచితే వంకర తిరుగుతుంది. పక్కకు కారిన పిండి చేరే గాడిని, వెనక కీలు సందును తప్పకుండా చూడండి. అక్కడ మిగిలిన తీపి మరకకు రాత్రికి రాత్రే చీమలు వరుస కడతాయి. బాగా ఆరాక రెండు పలకల మధ్య ఒక కాగితం పెట్టి మూసి, వీలైతే నిలువుగా నిలబెట్టి, వైరును మిషను చుట్టూ బిగించకుండా వదులుగా చుట్టి పెట్టండి.